అంచు కాలిన బానెట్

సునీత షెడ్డులో బఫింగ్ మిషన్ సోమవారం పొద్దున చచ్చిపోయింది. ముందురోజు ఆదివారం, షెడ్డుకు సెలవు. చచ్చేదేదో ఆ రోజే చచ్చి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. మిషన్లకు అంత ఇంగితం ఉంటే ఇంకేం కావాలి! ఎయిర్‌పోర్టు క్యాబ్ ఒకటి సగం మెరుస్తూ సగం మసకగా నిలబడి ఉండగా అది గుర్రుమని, కాలిన వాసన వేసి, ఎజాజ్ చేతుల్లోనే ఆగిపోయింది.

ఎజాజ్ దాన్ని బల్ల మీద పెట్టి పక్కనున్న రంగు డబ్బా మీద కూర్చున్నాడు. మనిషికి యాభై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లుగా కార్లకు మెరుగు పెట్టడం తప్ప మరో పని ఎరగడు. తిండి పెట్టే మిషన్ పోయినందుకు బాధ పడాల్సిన సమయంలో అతనికి ముందుగా కలిగింది, కాసేపు పని ఆగిందన్న సుఖం. ఆ సుఖానికి తనే సిగ్గుపడ్డాడు.

సునీత వచ్చి మిషన్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇగ దీనికి తీరిపోయింది భాయ్. రేపు ఆరాంఘర్ పోయి కొత్తది తెచ్చుకుందం. పట్టేటోనివి నువ్వు, నువ్వే చూసుకో" అంది.

సునీతకు నలభై ఏళ్లు. పదేళ్లు ఒక పెద్ద కార్ల కంపెనీ సర్వీసు సెంటర్లో కౌంటర్ దగ్గర కూర్చుని కస్టమర్ల తిట్లన్నీ తిన్నది. ఆ తినే తిట్లేవో సొంత షెడ్డులోనే తిందామని ఒకరోజు బయటికి వచ్చేసి, శంషాబాద్ దాటాక హైవే సర్వీసు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుంది. వచ్చేటప్పుడు ఆ సెంటర్ నుంచి ఒక్క మనిషిని వెంట తెచ్చుకుంది, ఎజాజ్‌ను. "నీ చెయ్యి ఉంటే నాకు షెడ్డున్నట్టే భాయ్" అని అప్పుడు అన్న మాటను ఏడేళ్లుగా వచ్చే పోయే కస్టమర్లందరికీ చెబుతూనే ఉంది. ఈ మధ్య ఆ మాట వినబడితే ఎజాజ్ అక్కడి నుంచి లేచి వెళ్లిపోతున్నాడు.

మెరుగు పెట్టడమంటే చూసేవాళ్లకు మిషన్ ఆన్ చేసి రుద్దడమే. కానీ కారు రంగు పైన గాజులాంటి పల్చటి పూత ఒకటి ఉంటుంది, క్లియర్ అంటారు. గీతలు పడేది దాని మీదే. మిషన్‌కు బిగించిన గుండ్రటి దిండుతో ఆ పూతను వెంట్రుకవాసి అరగదీస్తే గీతలు పోయి మెరుపు వస్తుంది. కొంచెం ఎక్కువ అరిగిందంటే పూత పోతుంది, కింద రంగు పోతుంది, ఆ కిందనున్న బూడిదరంగు ప్రైమర్ పళ్లికిలిస్తుంది. రంగు కాలిందంటారు దాన్నే. ఎక్కడ ఆపాలో మిషన్ చెప్పదు. రేకుకు వేళ్లు ఆనించి, వేడి చూసి, చెయ్యే చెప్పాలి. అన్నిటికన్నా గండం అంచుల దగ్గర. అక్కడ పూత మరీ పల్చగా ఉంటుంది. అందుకని నేర్చుకునేవాళ్లు అంచులకు టేపు అంటించి మరీ రుద్దుతారు. పాతబస్తీ షెడ్లలో తయారైన ఉస్తాదులు మాత్రం చచ్చినా అంటించరు. టేపు పెట్టే ఉస్తాదును చూసి తోటివాళ్లు నవ్వుతారు. ఎజాజ్‌కు పని నేర్పిన ఆకిఫ్ ఉస్తాద్ అయితే టేపు చుట్ట కంటబడితే తీసి మురుగు మోరీలో పారేసేవాడు. ముప్పై ఏళ్లలో ఎజాజ్ ఒక్కసారి టేపు పెట్టలేదు, ఒక్క అంచు కాల్చలేదు. ఈ సంగతి అతను చెప్పుకోడు, మిగతా షెడ్లవాళ్లే చెప్పుకుంటారు.

ఆ వేళ్లకు ఏమీ తెలియకుండా పోయి ఎనిమిది నెలలైంది.

మొదట చిటికెన వేలు తిమ్మిరెక్కింది. తర్వాత పక్క వేలు. చలికాలం కదా అనుకున్నాడు. ఒకరోజు ఇంట్లో చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుంటే భార్య జకియా ఒక్క అరుపు అరిచి గ్లాసు లాక్కుంది. చూసుకుంటే వేళ్లు ఎర్రగా కమిలి ఉన్నాయి. అతనికి వెచ్చదనం కూడా తెలియలేదు. దవాఖానలో డాక్టరు పది వేళ్లూ సూదితో గుచ్చి చూసి, ముప్పై ఏళ్ల మిషన్ల ఊపుకు నరాలు చచ్చిపోయాయని, ఇకనైనా మిషన్ పట్టుకోవడం మానేయమని చెప్పి, తర్వాతి పేషెంటును పిలిచాడు. మానేయడం అంత తేలికని డాక్టరుకు ఎవరు చెప్పారో మరి.

"సునీతమ్మకు చెప్పు. మంచి మనిషి, ఏదన్న వేరే పనిస్తది" అంది జకియా.

"ఏమిస్తది? కార్లు కడిగే పనా?" అన్నాడు ఎజాజ్. "ఆమె నన్ను తెచ్చుకున్నదే ఈ చెయ్యిని చూసి. చెయ్యే లేదని చెప్పి ఇంకేం అడుగుత?"

ఆ రోజు నుంచి భార్యాభర్తలిద్దరూ కలిసి దాయడం మొదలుపెట్టారు. షెడ్డులో ఎజాజ్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక కంట మెరుపును చూస్తున్నవాడిలా రేకు మీదికి బాగా వంగి, ఎవరూ చూడకుండా చెంప ఆనించేవాడు. వేళ్లకు తెలియని వేడి చెంపకు తెలిసేది. అలా ఎనిమిది నెలలు నెట్టుకొచ్చాడు. ఒక కారుకు పట్టే సమయం రెండింతలైంది. సాయంత్రానికి మెడ, నడుము పుండులా ఉండేవి. అన్నిటికన్నా, పొద్దున మిషన్ ఆన్ చేసిన దగ్గర నుంచి సాయంత్రం ప్లగ్గు పీకేదాకా భయం ఒక్క నిమిషం వదిలేది కాదు. మనిషి అలిసిపోయాడు. నిద్రపోతే తీరే అలసట కాదది.

మంగళవారం సునీత, ఎజాజ్ ఆటోలో ఆరాంఘర్ వెళ్లారు. చౌరస్తా దాటాక సందులో తాహెర్ అనే అతని పనిముట్ల దుకాణం. తాహెర్‌కు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. వాళ్ల నాన్న కాలం నుంచి ఈ చుట్టుపక్కల షెడ్లన్నిటికీ మిషన్లు అక్కడివే. ఎజాజ్‌ను చూడగానే లేచి, గల్లాపెట్టె ముందున్న కుర్చీ తుడిచి వేశాడు.

బల్ల మీద రెండు మిషన్లు పెట్టాడు. ఒకటి రోటరీ. దాని దిండు ఒక్కచోటే గిరగిరా తిరుగుతుంది, లోతు గీతలను కూడా చకచకా కోసేస్తుంది. రెండోది డీఏ. దీని దిండు తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంటుంది.

"ఏది జల్దీ చేస్తది?" అని అడిగింది సునీత.

"రోటరీనే మేడమ్. రోటరీకి ఒక్క గంట పని ఉంటే డీఏకు రెండు గంటలు. కాకపోతే డీఏ ఎవలు పట్టినా రంగు అంత సులువుగ కాలదు. గట్టిగ నొక్కితె దిండు తిరుగుడే ఆపేస్తది" అన్నాడు తాహెర్.

"తుక్కుగూడల ఒక షెడ్డోళ్లు మొత్తం ఇవే వాడుతున్నరట. ఏమంటవ్ భాయ్?"

ఎజాజ్ డీఏను చేతిలోకి తీసుకున్నాడు. కాలదు అన్న ఒక్క మాట అతని చెవిలో తిరుగుతూనే ఉంది. ఇది చేతిలో ఉంటే చెంపలు ఆనించక్కర్లేదు, ఎవరైనా పక్కకు వచ్చి నిలబడితే గుండె ఆగిపోనక్కర్లేదు. ఇది ఇప్పించమ్మా అని నోటిదాకా వచ్చింది. కానీ ముప్పై ఏళ్లు రోటరీ పట్టినవాడు ఉన్నట్టుండి ఇది కావాలంటే, ఎందుకని సునీత అడుగుతుంది. ఎందుకో చెప్పాలి.

"ఇది నేర్చుకునేటోళ్ల మిషన్ సునీతమ్మా. నాకు పెద్దది, రోటరీనే ఇయ్యమనుండ్రి" అన్నాడు.

తర్వాత దిండ్లు ఏరుకున్నాడు. గీతలు కోయడానికి ఉన్ని దిండ్లు రెండు, చివరి మెరుపుకు స్పాంజి దిండ్లు నాలుగు. స్పాంజి ఎంత మెత్తనిదో వేళ్లతో నొక్కి చూసి ఏరుకోవడం పద్ధతి. ఎజాజ్ కూడా ఒక్కొక్కటీ నొక్కి వదిలి, అది ఎంతసేపటికి పైకి లేస్తుందో కళ్లతో చూసి పక్కన పెట్టాడు. తాహెర్ ఆ నొక్కడాన్నీ చూశాడు, ఆ చూడటాన్నీ చూశాడు. పెద్ద మిషన్‌కు బిల్లు రాసిచ్చాడు.

బుధవారం పొద్దున మొగులయ్య నల్లకారు తెచ్చాడు. మొగులయ్యది శంషాబాద్ పక్క ఊరు, సొంత కారు, ఎయిర్‌పోర్టుకు తిప్పుతాడు. విమానాల్లో పనిచేసేవాళ్లను ఇళ్ల నుంచి తీసుకొచ్చే ఒక కంపెనీ నెలవారీగా కార్లు పెట్టుకుంటోంది. గురువారం పదకొండు గంటలకు వాళ్లు కారు చూస్తారు. కారు మీద గీత కనబడితే అటు నుంచి అటే పంపించేస్తారట.

"ఇగ ఈ రాత్రి తిరుగుడు, కిరాయిల కోసం లైన్ల పడి ఉండుడు నాతోటి అయితలేదు భాయ్" అన్నాడు మొగులయ్య. "ఇది దొరికితె పొద్దుగాల పోయి పొద్దుమూకాల ఇంటికొస్త. మా ఇంటామె అనంతమ్మ గూడ ఇదే మొక్కుకున్నది. జర అద్దం లెక్క చెయ్యి."

నల్లరంగు అన్నిటికన్నా మొండి ఘటం. దాని మీద ఏదీ దాగదు. ఎజాజ్ ఉన్ని దిండు బిగించి, బానెట్ మీద మెరుగు పెట్టే కాంపౌండ్ చుక్కలు పెట్టి మొదలుపెట్టాడు. మామూలుగా అయితే కస్టమర్లు బయట బెంచీ మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. మొగులయ్య కూర్చోలేదు. బతుకంతా ఆ బానెట్ మీదే ఉన్నట్టు ఎజాజ్ మోచేతి పక్కనే నిలబడి, కబుర్లు చెబుతూ, దిండు ఎటు పోతే అటు తలతిప్పుతూ చూస్తున్నాడు.

అతని ముందు చెంప ఎలా ఆనించడం? ఎజాజ్ అలవాటు కొద్దీ వేళ్లు ఆనించాడు, తెలిసినవాడిలా తల ఊపాడు, ముందుకు సాగాడు. బానెట్ మధ్యభాగం బాగానే వచ్చింది. ఎడమవైపు లైటు దగ్గర అంచు మీదికి దిండు వచ్చింది. పోనీ టేపు ఒక ముక్క పెడదామా అని ముప్పై ఏళ్లలో మొదటిసారి అనిపించింది. మొగులయ్య ఉన్నాడు, అవతల పెయింటర్ ఐలయ్య ఉన్నాడు. పెట్టలేదు. అంచు వెంట ఒకసారి పోయాడు, రెండోసారి పోయాడు. మూడోసారి తిరిగి వచ్చేసరికి తెల్లటి ఉన్ని దిండు నల్లగా మారింది.

పైపూత మాత్రమే అరుగుతుంటే దిండు నల్లబడదు. ఎజాజ్ మిషన్ ఆపకుండానే ఆ సంగతి గ్రహించాడు, ఆపాక అంచు వైపు చూసే ధైర్యం రావడానికి ఒక్క నిమిషం పట్టింది. అంచు మీద రెండు వేళ్ల పొడవున బూడిదరంగు చార.

మొగులయ్య కబురు మధ్యలో ఆగిపోయింది. "ఏందిది భాయ్? పోతదా?"

సునీత లోపలి నుంచి వచ్చింది. వంగి చూసింది. ఆమె ముఖం చూడగానే ఎజాజ్ నోటి నుంచి మాట దానంతటదే జారింది.

"మిషన్ల ఫాల్టున్నది సునీతమ్మా. స్పీడ్ నిలుస్తలేదు. మెల్లగ పెట్టినా ఎగేస్తున్నది."

ఒక్కరన్నా మిషన్‌ను మళ్లీ ఆన్ చేసి చూద్దామని అనలేదు. ఒక్కరన్నా అనుమానంగా చూసినా బాగుండేది. "నేను గదే అనుకున్న! భాయ్ చెయ్యి తప్పుడేంది?" అన్నాడు మొగులయ్య. ఐలయ్య అప్పుడే బానెట్ ఊడదీస్తూ, సాయంత్రానికి మళ్లీ రంగు వేసేస్తానని, లైట్ల కింద పెడితే పొద్దున ఏడింటికల్లా మెరుగుకు సిద్ధంగా ఉంటుందని చెప్పాడు. సునీత మిషన్‌ను అట్టపెట్టెలో పడేసింది. "నడువుండ్రి. తాహెర్‌ను అడుగుదం, గిసొంటి మిషన్ మా నెత్తినెట్ల పెట్టినవని." మొగులయ్య నేనూ వస్తానన్నాడు. తిట్టడానికి ఒక మనిషి దొరికినందుకు అతనికి కొంచెం ఊపిరి వచ్చింది.

ఆటోలో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. పెట్టె ఎజాజ్ ఒడిలో ఉంది. సాతంరాయి దాకా మొగులయ్య తిడుతూనే ఉన్నాడు, తర్వాత అతనూ అలిసిపోయి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఎజాజ్ అబద్ధాన్ని లోపల వల్లెవేసుకుంటున్నాడు. తాహెర్ ప్లగ్గు పెడతాడు, మిషన్ నున్నగా తిరుగుతుంది. అప్పుడేం చెప్పాలి? బరువు మీద పడితేనే ఎగేస్తుందని చెప్పాలి. రేకు మీద పెట్టి చూద్దామంటే? వేడెక్కాకే అలా అవుతుందని చెప్పాలి. ఒక అబద్ధం నిలబెట్టడానికి ఇన్ని గుంజలు కావాలని అతనికి ఇంతవరకు తెలియదు.

ఆ గుంజలేవీ అవసరం కాలేదు. మొగులయ్య గొంతెత్తి, ఎజాజ్ భాయ్‌ది ముప్పై ఏళ్ల చెయ్యి అని, ఇది దొంగ మిషన్ అని, తన నౌకరీ పోతే ఆ నష్టం తాహెరే పెట్టాలని మొదలుపెట్టేసరికి తాహెర్ పెట్టె అందుకుని బల్ల కింద పెట్టేశాడు. తెరిచి కూడా చూడలేదు.

"చెక్ చేయవా?" అంది సునీత, తను అనుకున్న పోట్లాట జరగనందుకు కొంచెం తబ్బిబ్బై.

"ఉస్తాద్ ఖరాబున్నదన్నంక చెక్ చేసుడేంది మేడమ్? కంపెనీ వాపస్ తీసుకోకుంటె నేనే పెట్టుకుంట." తాహెర్ ఎజాజ్ వైపు తిరిగాడు. "ఉస్తాద్, జర లోపటికి రాండ్రి. వేరే మిషన్లు చూపిస్త."

దుకాణం వెనక గదినిండా అట్టపెట్టెలు. తాహెర్ తలుపు దగ్గరికి వేసి ఉర్దూలోకి దిగాడు. గొంతు బాగా తగ్గించాడు.

"ఎన్ని నెలల సంది?"

ఎజాజ్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నిన్న మీరు స్పాంజిని చేతితోటి చూడలే ఉస్తాద్, కండ్లతోటి చూసిన్రు."

"ఎనిమిది నెలలు" అన్నాడు ఎజాజ్. అంటూనే ఒక పెట్టె మీద కూలబడ్డాడు.

తాహెర్ డీఏ మిషన్ తెచ్చి అతని పక్కన పెట్టాడు. "ఈ ఏడు గివి పద్దెనిమిది అమ్మిన. పన్నెండు ఉస్తాదులే తీస్కపోయిన్రు. అందరు ఒక్కటే మాట చెప్తరు, నేర్చుకునేటోళ్ల కోసం అని. నేను అడగ. మీరు గూడ మేడమ్‌కు గదే చెప్పుండ్రి. పెద్ద మిషన్ ఖరాబైంది, దీనితోటి సంభాళించుకుంట అనుండ్రి. ఆ పెద్దదాని తిప్పలు నేను పడ్త." కాస్త ఆగి మళ్లీ అన్నాడు. "ఒక్క మాట మాత్రం దాయ. ఇది రంగును కాల్చదు గాని, చెయ్యిని ఎక్కువ ఊపుతది. రోజంతా పట్టకుండ్రి."

పెద్దదేమో కారును కాలుస్తుంది. చిన్నదేమో చేతిలో మిగిలిందాన్ని తినేస్తుంది. ఇక ఎంచుకో ఎజాజ్, ఎంత మంచి బేరం! అతనికి నవ్వు వచ్చింది, బయటికి మాత్రం రాలేదు. పన్నెండు మంది అన్నాడు తాహెర్. వాళ్లలో సగం మంది తనకు తెలిసినవాళ్లే అయి ఉంటారు. పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని బిర్యానీ తిన్నవాళ్లు, టేపు పెట్టేవాళ్లను చూసి తనతో కలిసి నవ్వినవాళ్లు. తన ఒక్కడికే వచ్చిందనుకుని కుమిలిన రోగం పన్నెండు ఇళ్లలో ఉందని తెలిస్తే గుండె తేలిక పడాలి. పడలేదు. పన్నెండు మంది పన్నెండు షెడ్లలో ఒకరికి తెలియకుండా ఒకరు భయపడుతూ పనిచేస్తున్నారన్న ఊహకే అతనికి ఇంకా నీరసం వచ్చింది.

దారి మాత్రం తెరిచే ఉంది. లేచి బయటికి వెళ్లి నేర్చుకునేటోళ్ల మిషన్ అని ఒక్క మాట అంటే చాలు. తాహెర్ నోరు విప్పడు, జకియా విప్పదు. రేపు పొద్దున బానెట్ మెరుస్తుంది, మొగులయ్యకు పని దొరుకుతుంది, సునీత మళ్లీ కస్టమర్లకు ఎజాజ్ భాయ్ చెయ్యి గురించి చెబుతుంది. అయితే రేపటి నుంచి ఈ అబద్ధాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. తాహెర్ మోసే నష్టాన్ని గుర్తుపెట్టుకోవాలి. చేతిని కనిపెట్టుకుని ఉండాలి, ముఖాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఎజాజ్‌కు ఓపిక లేదు. తర్వాత అతను బయటికి వచ్చి చేసిన పనిని ధైర్యమని ఎవరైనా అంటే అతనే ఒప్పుకోడు. ఇంకొక్క రోజు మోయడం అతని వల్ల కాలేదు, అంతే.

సునీత గల్లాపెట్టె దగ్గర నిలబడి ఐలయ్యతో ఫోన్‌లో మాట్లాడుతోంది. మొగులయ్య కుర్చీలో ఉన్నాడు. ఎజాజ్ వంగి, బల్ల కింది నుంచి పెట్టె తీసి పైన పెట్టాడు.

"మిషన్ మంచిగనే ఉన్నది" అన్నాడు. "నా చెయ్యే సచ్చింది."

సునీత ఫోన్ చెవి దగ్గర అలాగే ఉండిపోయింది.

"వేళ్లకు స్పర్శ లేదు సునీతమ్మా. ఎనిమిది నెలలైంది. వేడి తెలుస్తలేదు. మిషన్ల ఊపుకే నరాలు పోయినయన్నడు డాక్టరు. పొద్దుగాల బానెట్ నేనే కాల్చిన. తప్పు మిషన్ మీదికి నూకిన. తాహెర్‌ది ఏం తప్పు లేదు."

"ఎనిమిది నెలలా?" సునీత గొంతు లేచింది. వెనక నిలబడ్డ తాహెర్ తల దించుకున్నాడు. "ఎనిమిది నెలల సంది నల్లకార్లన్నీ నీ చేతికే ఇస్తున్న భాయ్! ఒక్కటన్న కాలితె? వీని దుకాణం మీదికి కొట్లాటకొచ్చిన, నీ మాట పట్టుకోని! నాకెందుకు చెప్పలే?"

"చెప్తె ఇగ నేనెందుకు మీకు?"

సునీత బల్ల మీది పెట్టెను పక్కకు నెట్టింది. ముఖం ఎర్రబడింది. కోపమే అది, నూటికి నూరుపాళ్లు కోపం, ఎజాజ్‌కు దక్కాల్సిందే. "పెద్ద మిషన్ ఇగ నీ చేతికియ్య. దానికి వేరే మనిషిని చూస్త" అంది చివరికి. ఎనిమిది నెలలుగా ఏ మాటకు భయపడి దాచాడో ఆ మాట అదే. ఎజాజ్ తల ఊపాడు.

మొగులయ్య కుర్చీలోంచి లేచాడు. దగ్గరికి వచ్చి ఎజాజ్ కుడిచెయ్యి పట్టుకుని, చూపుడువేలి కొసను గోటితో గట్టిగా నొక్కాడు. నష్టపోయినవాడు, అతనికి ఆ హక్కుంది. ఇంకా నమ్మకం కుదరనట్టు, ఇదీ అబద్ధమేమో అన్నట్టు నొక్కాడు.

"తెలుస్తున్నదా?"

"లేదు."

పక్క వేలు నొక్కాడు. "ఇది?"

"లేదు."

అయిదు వేళ్లూ నొక్కాడు. రెండో చెయ్యి కూడా తీసుకుని నొక్కాడు. గోరు దిగిన చోట గాట్లు పడుతున్నాయి, ఎజాజ్ ముఖం మాత్రం కదలడం లేదు. ఆఖరి వేలికి వచ్చేసరికి మొగులయ్య నొక్కడం మానేసి ఊరికే పట్టుకున్నాడు. అతని గొంతులో తిట్లన్నీ అయిపోయాయి.

"మరి ఇన్నొద్దులు ఎట్ల చేసినవ్ భాయ్?"

"భయపడుకుంట చేసిన" అన్నాడు ఎజాజ్.

బయట చౌరస్తా హారన్లు మోగుతూనే ఉన్నాయి. తాహెర్ వెళ్లి తలుపు దగ్గర పడున్న పెట్టెలను అనవసరంగా సర్దాడు.

"రేపు ఏడింటికి బానెట్ ఎవలు పడ్తరు మరి?" అన్నాడు మొగులయ్య, సునీతను చూస్తూ.

"కారు నీది అన్నా. నువ్వు ఎవలనంటె వాళ్లే" అంది సునీత.

మొగులయ్య ఇంకా వదలని ఆ చేతిని చూశాడు. "చిన్న మిషన్ తోటైతె చేస్తవా భాయ్?"

"చేస్త. అంచులకు టేపు పెట్టి చేస్త. జర టైం పడ్తది."

"పట్టనియ్. నేను పొద్దుగాలనే వస్త."

సునీత అప్పటికే అటు తిరిగి నిలబడింది. కొంగుతో ముఖం ఒకసారి గట్టిగా తుడుచుకుని తాహెర్‌ను పిలిచింది. ఆమె గొంతులో కోపం ఏమీ తగ్గలేదు.

"నీ దగ్గర గీ చిన్న మిషన్లు ఎన్ని రకాలున్నయ్?"

"మూడు మేడమ్. ఏది జల్దీ చేస్తదంటె..."

"జల్దీ సంగతి నేనడగలే. చెయ్యిని తక్కువ ఊపేది ఏది?"

తాహెర్ మూడింటినీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. సునీత ఎజాజ్‌ను ముట్టుకోనివ్వలేదు. మొదటిదాన్ని తనే రెండు చేతులా పట్టుకుని ఆన్ చేయమంది. మోచేతుల దాకా వణుకు పాకింది, గాజులు గలగలమన్నాయి. పళ్లు బిగించి, తాహెర్ చాలు మేడమ్ అంటున్నా వినకుండా పట్టుకునే నిలబడింది. ఆపాక అరచేతులు ఒకసారి చూసుకుని, రెండోది ఇమ్మంది.

ఎజాజ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.